నిరుపమ ఎంచుకున్న నిశ్శబ్దం

నిరుపమ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. వైజాగ్‌లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివిన నాటి నుంచి ఆమె కంటికి ప్రతి వస్తువు మీదా ఏవో పాకుతూనే ఉంటాయి. కొడుకు పుట్టాక ఇక చెప్పనక్కర్లేదు. వాడి స్నానం నీళ్ళలో ముందు మోచెయ్యి పెడుతుంది, తర్వాత థర్మామీటరు పెడుతుంది, ఆ థర్మామీటరు నిజం చెబుతోందో లేదోనని మళ్ళీ మోచెయ్యి పెడుతుంది.

భూగోళం దక్షిణపు కొసన, ఇప్పుడు వాళ్ళుంటున్న ఇన్వర్‌కార్గిల్ చలితో మాత్రం ఆమెకి విడిగా ఒక పోరాటం ఉంది. ఆ ఊళ్ళో ఇడ్లీపిండి పులవదు. ఇంతమంది సూక్ష్మజీవుల గురించి చదివి, పిండిలో ఉన్న నాలుగు రకాలని లేపలేకపోవడం ఆమెకి తలవంపులుగా ఉండేది. అందుకని కాకినాడ నుంచి మోసుకొచ్చిన గ్రైండర్‌లో రోజూ సాయంత్రం కొంచెం కొంచెం పిండి రుబ్బేది. ఒకరోజు బియ్యం వంతు తగ్గించి, ఒకరోజు మెంతులు వేసి, ఒకరోజు గిన్నెకి ఉన్ని స్వెట్టర్ తొడిగి, వేడినీళ్ళ ట్యాంకున్న అలమరలో పెట్టేది. పొద్దున్న లేవగానే ముందు గిన్నెని చూసి, తర్వాతే మొగుడు గౌతమ్‌ని చూసేది.

కొడుక్కి గౌతమ్ తాతగారి పేరు పెట్టారు, శ్రీపతి అని. తొమ్మిది నెలల వయసుకి అంత బరువైన పేరు మోస్తున్నందుకో ఏమో, వాడు నవ్వడం తక్కువ, చూడ్డం ఎక్కువ. అందుకని ఇంట్లో వాడు "శ్రీపతిగారు" అయ్యాడు.

ఆ ఫిబ్రవరిలో గౌతమ్‌కి డునీడిన్‌లో ఇంటర్వ్యూ పడింది. అతను ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌లో చదువుకుని, ఆ ఊళ్ళోనే ఒక కంపెనీలో కుదిరాడు. ఆ కాంట్రాక్టు నెలాఖరుతో ఆఖరు. ఈ ఉద్యోగం వస్తే ఉంటారు, రాకపోతే పెట్టెలు సర్దుకోవాలి. పోయిన నెల ఆక్లాండ్ ఇంటర్వ్యూ ఎలా పోయిందో ఇద్దరికీ గుర్తే. ముందు రోజు మోటెల్ గదిలో శ్రీపతిగారు తెల్లవార్లూ కచేరీ పెట్టారు. మర్నాడు "మీలో ఉన్న లోపం ఏమిటి?" అని అడిగితే గౌతమ్ జవాబుగా ఆవలించాడు.

"ఈసారి నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే నిరూ."

"మీరు లేకుండా వాడు అన్నం ముట్టడు. అందరం వెళ్దాం. మీరు పడుకునే పూచీ నాది."

ఆ మాట అన్నాక ఆమెకి నిద్ర లేదు.

వాళ్ళకి తెలిసిన పెద్దాయన రంగస్వామి, ఫిజీ నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డాడు. ఆయన తాతలు ఎప్పుడో చెరకుతోటల పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆయన తెలుగులో సగం హిందీ, మిగతా సగం నవ్వు. ఆయనకో క్యాంపర్‌వ్యాన్ ఉంది. మంచం, పొయ్యి, సింకు అన్నీ లోపలే.

"మోటెల్ ఎందుకు బేటీ? మన బండి తీస్కపో. సముద్రం పక్కన పెట్టు. పొద్దున లేచి చేప పట్టు."

"ఆయనకి ఇంటర్వ్యూ అంకుల్."

"చేప పట్టి పోనీ. హాత్ ధోకే, చెయ్యి కడుక్కునే!"

అలాంటి బళ్ళు ఆపుకోడానికి డునీడిన్ చుట్టూ హాలిడే పార్కులు ఉన్నాయి. నిరుపమ ఒక్కోదానికీ ఫోన్ చేసింది. ఊరి మధ్యలో ఉన్నది విద్యార్థుల గోల అని వద్దనుకుంది. ద్వీపకల్పం మీది పార్కు ఆస్పత్రికి దూరం. సముద్రం ఒడ్డుది అసలు లెక్కలోకే రాలేదు. ఇసుక, గాలి, సీగల్ పక్షుల రెట్టలు, పైగా అంటార్కిటికా నుంచి ఆగకుండా వచ్చే అలల హోరు. చివరికి కొండల నడుమ లోయలో ఒకటి దొరికింది. "ఇక్కడ గొర్రె దగ్గినా వినపడుతుంది" అన్నాడు దాని మేనేజరు గర్వంగా. ఆ మాటకి నిరుపమ పడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నానికి డునీడిన్ చేరారు. నల్లరాయి, తెల్లరాయి కలిపి కట్టిన పాత రైల్వేస్టేషన్‌ని చూసి గౌతమ్ బండి నెమ్మది చేశాడు.

"ఎంత బావుందో చూడు! ఇక్కడ ఉద్యోగం వస్తేనా..."

"ముందు నిద్ర రావాలి. పోనివ్వండి."

లోయలో పార్కు, మేనేజరు చెప్పినట్టే ఉంది. చిన్న వాగు, పెద్ద చెట్లు, చీమ నడిచినా తెలిసేంత నిశ్శబ్దం. గౌతమ్ ఇస్త్రీ చొక్కాని హుక్కుకి తగిలించాడు. నిరుపమ బండి లోపలంతా డెట్టాల్‌తో తుడిచి, వెచ్చదనం చూసి, శ్రీపతిగారికి పప్పన్నం పెట్టి, సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పడుకోబెట్టింది.

శ్రీపతిగారు పైకప్పుని పరిశీలించారు. తల్లిని పరిశీలించారు. తర్వాత నోరు తెరిచారు.

ఆ నిశ్శబ్దంలో వాడి గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. పక్క క్యారవాన్‌లో కిటికీ తెర కదిలింది. నిరుపమ జ్వరం చూసింది, లేదు. చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, డైపర్ మార్చింది, దుప్పటి తీసింది, మళ్ళీ కప్పింది. ఒక్కొక్కటే మారుస్తూ పోయింది, ల్యాబ్‌లో చేసినట్టు. ఏడుపు మాత్రం మారలేదు.

"దిష్టేమో" అన్నాడు గౌతమ్.

"ఎవరు పెడతారండీ ఇక్కడ? గొర్రెలా?"

గౌతమ్ నవ్వబోయి ఆగాడు. అతని కళ్ళు అప్పుడే ఎర్రబడ్డాయి. అది ఆమె చూసింది. పూచీ తనది. చోటు ఎంచుకున్నదీ తనే.

పాలు తీసుకొద్దామనే వంకతో బండి తీశారు. ఇంజను నడుస్తున్నంతసేపూ వాడు గప్‌చిప్. ఆదివారం సాయంత్రం తెరిచి ఉన్న కొట్టు, అక్కడివాళ్ళు డైరీ అనే చిల్లర దుకాణం, చివరికి సముద్రం వైపున కనపడింది. ఇంజను ఆగింది, ఏడుపు మొదలైంది. గౌతమ్ పాలకోసం దిగి, పక్క తలుపు సగం తెరిచి వదిలేశాడు. హోరుమంటూ గాలీ అలలూ బండి నిండా చేరాయి. "చంటివాడికి చలి, తలుపు..." అంటూ లేవబోయిన నిరుపమ ఆగిపోయింది.

ఏడుపు లేదు. శ్రీపతిగారి కళ్ళు సగం మూతపడి ఉన్నాయి.

ఆమె తలుపు మూసింది. వాడి పెదవి వణికింది, ఏడుపు. తెరిచింది. ఆగింది. మళ్ళీ మూసింది. మళ్ళీ ఏడుపు. పాలడబ్బాతో తిరిగొచ్చిన గౌతమ్ నోరెళ్ళబెట్టాడు.

"ఏం చేస్తున్నావ్ వాణ్ణి?"

"ష్! ఇంకొక్కసారి." తలుపు తెరిచింది. వాడి పిడికిలి విచ్చుకుంది. "ఏమండీ, గ్రైండర్!"

"ఏం గ్రైండర్?"

"మనింట్లో రోజూ సాయంత్రం ఉయ్యాల పక్కనే గ్రైండర్ తిరుగుతుందా లేదా? వీడు పుట్టినప్పట్నుంచీ ఆ రొదలోనే నిద్రపోయాడు. నేనేమో వెతికి వెతికి చప్పుడన్నదే లేని చోటికి తీసుకొచ్చా. ఆక్లాండ్‌లోనూ అంతే. రెండు పొరల అద్దాలున్న గది కావాలని అడిగి మరీ తీసుకున్నా."

గౌతమ్ సముద్రాన్నీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఇప్పుడు..."

"పదండి. నేను ఫోన్లో వాళ్ళని అసలు మాట్లాడనివ్వకుండా కొట్టేసిన పార్కు ఇక్కడే ఎక్కడో ఉండాలి."

ఉంది. ఆఫీసులో ఉన్నావిడ మొహమాటపడుతూ చెప్పింది, ఒక్క చోటే ఖాళీ అట, అదీ అలల ఎదురుగా. గాలికి అడ్డు లేదని అందరూ వద్దంటారట.

"ఇంతకంటే గోలగా ఉన్న చోటు లేదా?" అంది నిరుపమ. ఆవిడ స్నానాలగదుల తాళంచెవి ఇస్తూ మళ్ళీ ఒకసారి ఇద్దరినీ తేరిపార చూసింది.

కిటికీ వేలెడంత తెరిచి పెట్టారు. ఎండ పూర్తిగా పోకముందే శ్రీపతిగారు నిద్రపోయారు, ఇంకాసేపటికి గౌతమ్. పొద్దున్న లేచేసరికి అతని మొహం కడిగిన పళ్ళెంలా ఉంది. నిరుపమ మాత్రం గాలికి బండి ఊగిన ప్రతిసారీ ఇద్దరి మీదా దుప్పటి సర్దుతూ, ఒక్క కునుకైనా లేకుండా తెల్లవార్చింది.

"నువ్వు పడుకోలేదా?"

"నాకు ఇంటర్వ్యూ లేదుగా. టై సరిచేసుకోండి."

మధ్యాహ్నం అతను టై చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫలితం తర్వాత చెబుతామన్నారట. కానీ ఒక్కసారి కూడా ఆవలించలేదట. అది చాలు అనుకుంది నిరుపమ. గురువారం ఫోన్ వచ్చినప్పుడు ఆమె మినప్పప్పు కడుగుతోంది. ఉద్యోగం ఇచ్చారు. రంగస్వామికి చెబితే, "చేప పట్టావా లేదా?" అన్నాడు.

మార్చిలో డునీడిన్‌లో అద్దె ఇల్లు చూశారు. ఏజెంటు కుర్రాడు గదులన్నీ తిప్పి, చివర్న గొంతు తగ్గించి, "అన్నిటికంటే గొప్ప సంగతి, ఇక్కడ ఏ చప్పుడూ ఉండదు" అన్నాడు.

నిరుపమ కిటికీ తెరిచి చెవి పెట్టింది. శ్రీపతిగారిని చంకనెత్తుకుని గౌతమ్ వైపు తల అడ్డంగా ఊపింది.

"సముద్రం దగ్గర ఇంకోటేమైనా ఉందేమో అడగండి. లేదంటే ముందు గ్రైండర్‌కి ప్లగ్గు ఎక్కడుందో చూపించమనండి."