మా వీధి వెడల్పు

నా చేతిరాత బాగుంటుంది. మార్కాపురంలో ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠం చెప్పినందుకు నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే. రిటైరయ్యాక ఆ రాతకు పని లేకుండా పోయింది. అందుకే మా కాలనీ అధ్యక్షుడు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, "టీచరమ్మా, మున్సిపాలిటీకి ఒక అర్జీ రాయాల. నీ అంత బాగా ఎవరు రాస్తారు?" అనగానే నేను ఉబ్బిపోయాను. ఏం అర్జీ, ఎవరి మీద అని అడగక ముందే పెన్ను కోసం లేచాను. పొగిడితే చాలు నేను బోల్తా పడతానని మా ఆయన ఎప్పుడూ అంటాడు. అబద్ధం కాదు.

అర్జీ ఒక నర్సు మీద. గిద్దలూరు దగ్గరి పల్లె ఆమెది. ఎన్నో ఏళ్లు ఆసుపత్రుల్లో పనిచేసి, ఉద్యోగం మానేసి, మా వీధి చివర చాలాకాలంగా తాళం పడి ఉన్న ఇంటిని అద్దెకు తీసుకుంది. అక్కడ పెద్దవాళ్ల కోసం ఒక ఇల్లు నడపాలని ఆమె ఆశ. ఆశ్రమం కాదు, ఆసుపత్రీ కాదు. మంచం దిగడానికి, స్నానానికి, వేళకు మందులు వేసుకోవడానికి పక్కన ఒక మనిషి కావాల్సిన వాళ్లు పది మంది దాకా ఉండే ఇల్లు. కనిగిరి నుంచి ఇద్దరు, పుల్లలచెరువు వైపు నుంచి ఒకామె అప్పుడే వస్తామని చెప్పి పెట్టారట.

మాది ఇళ్ల కోసమే వేసిన లేఅవుటు. అలాంటిది పెట్టాలంటే మున్సిపాలిటీ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. ఇచ్చే ముందు చుట్టుపక్కల వాళ్లకు అభ్యంతరాలున్నాయేమో కనుక్కోవాలి. ఆ నోటీసు ఆమె గేటుకు అంటించారు. ఇంటి యజమానేమో నెలాఖరు దాకా ఆగుతానని, అప్పటికీ అనుమతి రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పాడు. అంటే మేం అడ్డం పడితే ఆమె తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. అది తెలిసే మేం అడ్డం పడ్డాం.

మీటింగు మా ఇంటి మెట్ల మీద జరిగింది. మా ఊరి మెట్ల సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ ఇల్లు కట్టేవాడు ముందు పక్కింటి గడప ఎత్తు చూసుకుని, దానికంటే ఒక అడుగు పైకి లేపమంటాడు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు కాబట్టి వాననీళ్లు లోపలికి వస్తాయని ఒక భయం, పక్కవాడి కంటే తగ్గకూడదని ఒక పంతం. గడప పెరిగితే మెట్లు పెరుగుతాయి. అప్పుడు మేస్త్రీ అడుగుతాడు, "మెట్లు లోపలికా, బయటికా?" అని. లోపలికి అన్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. సొంత స్థలం తినేస్తాయి కదా! మా వీధిలో ఎనిమిది ఇళ్లవాళ్లమూ బయటికే అన్నాం. మావి ఏడు మెట్లు. నల్లబండలు పరిపించి, అటూ ఇటూ కూర్చోవడానికి దిమ్మెలు కట్టించి, వీధిలో ఏ మాట జరిగినా అక్కడే జరగాలన్నంత దర్జాగా చేయించాను.

"పొద్దస్తమానం అంబులెన్సు వస్తా పోతా ఉంటాది" అన్నారు ఒకరు. "వారానికొక పాడె లేస్తాది, పిల్లోళ్లు జడుసుకుంటారు" అన్నారు ఇంకొకరు. ఇవేవీ ఆఫీసులో నిలబడవని నేను తేల్చేశాను. ఫోనులో రూల్సు చదివి పెట్టుకున్నాను మరి. అలాంటి ఇంటికి ముప్పై అడుగుల రోడ్డు ఉండాలి. మా రోడ్డులో అటూ ఇటూ బండ్లు పెడితే, కారు ఎదురొస్తే ఆటో వెనక్కి పోవాల్సిందే. "రోడ్డే లేదు కదన్నా, ఇంక అనుమతి ఎట్ల ఇస్తారు?" అన్నాను. అందరూ నోరెళ్లబెట్టారు. అధ్యక్షుడు నిజంగానే చప్పట్లు కొట్టాడు. నేను ఇంకా రెచ్చిపోయి, "కావున తమరు దయయుంచి మా వీధిని స్వయముగా కొలిపించి సత్యమును గ్రహింప ప్రార్థన" అని గుండ్రటి అక్షరాలతో ముగించాను. పప్పులో కాలేశానని అప్పుడు తెలియలేదు.

వారం తిరక్కుండానే సర్వేయరు వచ్చాడు. చంకలో లేఅవుటు ప్లాను, చేతిలో టేపు, స్కూటరుకు తగిలించిన ఎర్రరంగు డబ్బా. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేకపోతే నర్సే వచ్చి పట్టుకుంది. ఆమె మీద అర్జీ పెట్టిన మేమంతా ఆమె వెనకే పెళ్లివారిలా నడిచాం. ఆమె ఇంటి ముందు కొలిస్తే ముప్పై మూడు అడుగులు. మా ముఖాలు కొంచెం వాడాయి. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఇరవై రెండు. మా ముఖాలు వెలిగాయి. సర్వేయరు ప్లాను విప్పి చూసుకున్నాడు. తర్వాత మా ప్రహరీ మొదట్లో టేపు ఆనించి మళ్లీ కొలిచాడు.

"అమ్మా, మీ అర్జీ కరెక్టే. రోడ్డు ఇరుకే. మీ మెట్ల కాడ మరీ ఇరుకు" అన్నాడు. "ఈ ఏడు మెట్లూ రోడ్డులోనే ఉండాయి."

ఆయన మా మెట్లు మొదలయ్యే చోట బెత్తెడు మందాన ఎర్రగీత గీశాడు. తర్వాత ఎదురింటికి, ఆ తర్వాత అధ్యక్షుడి ఇంటికి, వరసగా ఎనిమిది ఇళ్లకూ గీశాడు. మా వీధిని కొలవమని ప్రార్థించింది నేనే కదా, ఎవరిని తిట్టను? మా ఆయన మాత్రం గేటు పట్టుకుని నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు.

డబ్బా మూత పెట్టుకుంటూ సర్వేయరు మామూలుగా అడిగాడు, "ఇన్ని మెట్లు పెట్టినారే, ఇంట్లో పెద్దోళ్లు ఎవరూ లేరా?"

"మా అత్త ఉంది."

"ఆమె ఎట్ల దిగుతాది?"

"ఆమె దిగదు. ఆమెకు బయటికి పోవడం ఇష్టం ఉండదు" అన్నాను.

"నీకెవరు చెప్పినారు?" అని కిటికీలోంచి మా అత్త గొంతు వినిపించింది.

వీధి వీధంతా గొల్లుమంది. సర్వేయరు కూడా నవ్వాడు. పోతూ పోతూ, పదిహేను రోజుల్లో ఆఫీసులో విచారణ ఉంటుందని, అప్పటికి రోడ్డు ప్లానులో ఉన్నట్టు ఖాళీగా ఉంటే సరేనని, లేకపోతే వెడల్పు చాలదని ఆ నర్సుకు అనుమతి రాదని చెప్పాడు. అధ్యక్షుడు నా పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు, "గెలిచినట్టే టీచరమ్మా. మెట్లు ఎవరూ ముట్టుకోవద్దు. గీతదేముంది? నోటీసు వస్తాది, పోయి ఫైల్లో పడుకుంటాది." అదీ నిజమే. మేం ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, ఆమె వెళ్లిపోతుంది.

ఇంట్లోకి వెళ్లగానే నాకు కోపం ముంచుకొచ్చింది. "అందరి ముందరా నా పరువు తీస్తే నీకేం వచ్చింది అత్తా?" అన్నాను. మా అత్తది త్రిపురాంతకం దగ్గరి పల్లె. కందిచేలో పదిమంది కూలీలను గొంతుతోనే నడిపించిన మనిషి. ఎనభై దాటినా ఆ గొంతు తగ్గలేదు, మోకాళ్లే పోయాయి.

"ఇష్టం లేదని నేనే అన్నాలే అమ్మాయ్" అంది. "ఆ మాట ఎందుకన్నానో నువ్వు అడిగినావా? ఏడు మెట్లు దిగాలంటే నన్ను ఇద్దరు పట్టుకోవాల. గంపను దించినట్టు దించుతా ఉంటే వీధి వీధంతా చూడాల్నా? అందుకని ఇష్టం లేదన్నా. రెండేండ్లాయె. ఆ నర్సమ్మ ఇంటికి ఎవరెవరో వస్తా ఉన్నారంట. పోయి మాట్లాడాలని ఉండదా నాకు?"

ఆ రెండేళ్లూ, మా అత్త ఇంటిపట్టునే ఉంటుంది, ఏ గొడవా లేదు అని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇంత సిగ్గుపడిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీని పిలిపించాను. మొదటి సమ్మెట దెబ్బకే అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చాడు. "గెలిచే కేసు టీచరమ్మా! చేతులారా ఓడగొడతాండావే!" అన్నాడు. "అర్జీ నాదే, మెట్లూ నావే. నువ్వు పోయి కాఫీ తాగన్నా" అన్నాను. కోపం వస్తే నేను మర్యాదగా మాట్లాడతాను, అది తెలిసినవాడు కనుక వెళ్లిపోయాడు.

మెట్లయితే పోయాయి గానీ, ఇంట్లోకి ఎక్కేదెట్లా అని నేను ఆలోచించలేదు. మేం స్టూలు మీద స్టూలు వేసుకుని పాకుతుంటే నర్సు చూసి వచ్చింది. "మళ్లీ మెట్లు కట్టొద్దక్కా. ప్రహరీ లోపల, పక్క గోడ వెంబడి వాలుగా బాట తీసుకురండి. ఎంత నిదానంగా దిగితే అంత మంచిది" అంది. అడుగులతో కొలిచి చూపించింది. తర్వాత లోపలికి వెళ్లి మా అత్తను నిలబెట్టి, ఆమె చేయి ఆనే ఎత్తు దారంతో కొలుచుకొచ్చి, పట్టుకునే కడ్డీ సరిగ్గా అంత ఎత్తే ఉండాలని మేస్త్రీకి చెప్పింది. ఇంటి కొలత తీసేవాళ్లను చూశాను గానీ, ముసలామె చేయి కొలత తీసినవాళ్లను అప్పుడే చూశాను.

"నీ మీద అర్జీ రాసింది నేనేనమ్మా" అన్నాను, ఉండబట్టలేక.

"తెలుసక్కా. ఆఫీసులో చూపించినారు. ఎంత చక్కటి రాతక్కా మీది!" అంది.

సిగ్గుతో చచ్చిపోవాలి కదా ఎవరైనా? నేను సిగ్గుపడ్డాను, లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా.

మా ఆయన స్కూటరు, నా కనకాంబరాలు చోటు వదులుకున్నాయి. వాలు పోశారు. సిమెంటు ఆరేదాకా మా అత్త గంటకొకసారి "ఆరిందా?" అని అడుగుతూనే ఉంది. చివరికి ఒక ఉదయం ఇస్త్రీ చీర కట్టుకుని, కడ్డీ పట్టుకుని, ఎవరి చేయీ అందుకోకుండా దిగింది. నేను వెనకాల నడుస్తుంటే "నువ్వెందుకు, పో" అని కసిరింది. మేస్త్రీ, మా ఆయన, నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాం. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

ఆమె అధ్యక్షుడి ఇల్లు దాటుతుండగా ఆ ఇంటి లోపల నుంచి ఒక ముసలి గొంతు కేక వేసింది. "ఎవరా పోయేది? ఏడికి పోతాండావమ్మా?"

అది అధ్యక్షుడి నాయన. నాలుగేళ్లుగా ఆ పెద్దాయన అదే ఇంట్లో ఉంటున్నాడట. నేను రోజూ ఆ ఇంటి ముందు నుంచే కూరగాయలకు వెళ్తాను. అలాంటి మనిషి ఒకడున్నాడని నాకు తెలియదు.

"నర్సమ్మ ఇంటికి పోతాండా. నువ్వూ రా నాయనా!" అని మా అత్త రోడ్డు మీద నుంచే అరిచింది.

అంతే. ఆ సాయంత్రం నుంచి అధ్యక్షుడికి ఇంట్లో ఊపిరాడలేదు. "ఆమె పోతాండ్లా, నన్నెందుకు పోనీయవు?" అని పెద్దాయన ఒకటే పోరు. ఎదురింట్లో ఒక నాయనమ్మ, మలుపు దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఎక్కడెక్కడి నుంచో గొంతులు లేచాయి. ఆఫీసు నోటీసుకు కదలని మెట్లు వాళ్ల పోరుకు కదిలాయి. అన్నిటికంటే చివర అధ్యక్షుడు తన మెట్లు తీయిస్తూ, మేస్త్రీ వినేలా నన్ను తిట్టాడు. తిట్టనీ.

విచారణ రోజు రెండు ఆటోల్లో వెళ్లాం. ఆఫీసరు గదిలో బెంచీ మీద మా అత్త, అధ్యక్షుడి నాయన, ఆ ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. నర్సు గోడకు ఆనుకుని నిలబడింది. నెలాఖరుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది కాబోలు. రోడ్డు మొత్తం ముప్పై మూడు అడుగులు ఉందని సర్వేయరు చెప్పాడు. ఆఫీసరు నా అర్జీ తీశాడు. అందులో ఒక వాక్యం మీకు నేనింకా చెప్పలేదు. సిగ్గేసి దాటేశాను. ఆయన దాన్ని పైకి చదివాడు. "పైగా మా వీధియందు ఇటువంటి సహాయము అవసరమైన వృద్ధులు ఎవరును లేరు."

చదివి, కళ్లజోడు మీదుగా బెంచీ వైపు చూశాడు. "ఇది రాసిందెవరు?"

"నేనేనండి."

"మరి వీళ్లెవరు?"

"మా వీధివాళ్లేనండి" అన్నాను. "ఇళ్లల్లో ఉన్నారని మాకే తెలియదు. నాకిప్పుడు ఏ అభ్యంతరమూ లేదు. ఆమెకు అనుమతి ఇవ్వండి."

"నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని కదయ్యా" అంది మా అత్త. ఆఫీసరు తల వంచుకుని నవ్వుతూ సంతకం పెట్టాడు. నర్సు ఆ కాగితం తీసుకుని మా అత్త పక్కన కూలబడి భోరుమంది. మా అత్త ఆమె వీపు నిమురుతూ, "ఏడుపెందుకే, పద, పనుంది" అంది.

బయటికి వచ్చాక ఐదుగురూ ఇళ్లకు రామన్నారు, ఆటోలను నేరుగా వీధి చివరికి పొమ్మన్నారు. నేను ఇంటికి వచ్చి వంట చేశాను. పన్నెండయింది, ఒంటిగంటయింది. రెండేళ్లు మా అత్త లోపల కూర్చుని, బజారుకు పోయిన నా కోసం కనిపెట్టుకుని ఉండేది. ఆ రోజు ఆమె ఎప్పుడొస్తుందా అని నేను గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తూ ఉన్నాను. అన్నం చల్లారిపోయింది. ఆమె ఇంకా రాలేదు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.