నీళ్ళు కాచుకోమన్న రేడియో

అమ్మ పోయిన ఏడాది నేను తాడేపల్లిగూడెంలో టీచరు ఉద్యోగం మానేసి ఏలూరు వచ్చేశాను. ఊరి చివర ఒక కాలేజీ మేడమీద చిన్న కమ్యూనిటీ రేడియో ఉండేది. అందులో మాట్లాడే మనిషి కావాలన్నారు. చిన్నప్పటి నుంచీ చర్చిలో వాక్యం చదివిన గొంతు కదా, వినగానే చేరమన్నారు.

శబ్దం మారుమోగకుండా ఆ గది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. పొద్దున తలుపేసుకుంటే సాయంత్రం తీయడమే. ఎండలు ముదిరితే రొయ్యల చెరువులకి ఏం చెయ్యాలో, చంటిపిల్లలకి టీకాలు ఎప్పుడో, రోజంతా చెబుతూనే ఉండేదాన్ని. అద్దెగదికి వెళ్ళాక మాట్లాడటానికి ఎవరూ ఉండేవారు కాదు. ఒకసారి ఆటోలో వెళుతుంటే డ్రైవరు పెట్టిన రేడియోలో నా గొంతే వచ్చింది, ముందురోజు రికార్డు చేసింది. "ఈవిడొకర్తి," అని అతను పాటలొచ్చే స్టేషను పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఫోన్ల కార్యక్రమానికి మాత్రం ఒక మామ్మగారు రోజూ చేసేవారు. కొల్లేటి లంకలో ఉంటారు, చేపలు ఎండబెట్టి అమ్ముకుంటారు. భర్త లేడు, పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు పక్కింట్లోనే ఉండి చేపల చెరువులో పనికి వెళ్ళేవాడు. ఆవిడ అడిగేదేమీ ఉండేది కాదు. "ఇందాక రెండుసార్లు దగ్గేవు. మిరియాల పాలు తాగమ్మా," అనేవారు. అంతే, పెట్టేసేవారు. అమ్మ పోయాక నా దగ్గు లెక్కపెట్టింది ఆవిడొక్కరే.

ఒకరోజు కార్యక్రమం మొదలవకముందే ఫోన్ చేశారు.

"అమ్మా, కాలవలోకి నల్లనీళ్ళు వచ్చేయి. చేపలు తేలిపోయేయి. ఇక్కడ ఆ నీళ్ళే తాగుతున్నారు. రేడియోలో చెప్పు."

"ఎక్కడి నుంచి వచ్చాయండీ?"

"పైన చేపల చెరువు ఖాళీ చేసేరు. అందరూ చూసేరు, ఎవరూ మాట్టాడరు."

నేను మేష్టారి దగ్గరికి పరిగెత్తాను. స్టేషన్ బాధ్యత చూసే పెద్దాయన ఆయన, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అది వార్తమ్మా. మనలాంటి రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. లైసెన్సు రెన్యువల్ కాగితం ఢిల్లీలో ఉంది. ఇప్పుడు చిన్న తప్పు దొరికినా మూసేస్తారు."

"నీళ్ళు కాచుకుని తాగండని చెప్పొచ్చాండీ?"

"అది ఆరోగ్యం. చెప్పండి."

చెప్పాను. ఏ ఊరో, ఏ కాలవో, ఎందుకో చెప్పకుండా, నీళ్ళు కాచి చల్లార్చి తాగండని తియ్యగా మూడుసార్లు చెప్పాను. వెంటనే మామ్మగారు ఫోన్ చేశారు.

"ఏ నీళ్ళమ్మా? ఆ మాట నువ్వు ప్రతి వానాకాలం చెప్తావుగా!"

మైకు ఆపి, అట్టల గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కాచినంత మాత్రాన ఆ నల్లనీళ్ళు బాగుపడతాయో లేదో కూడా నాకు తెలీదు.

ఆ వారమే ఏలూరులో ఒక మీటింగ్ జరిగింది. చిన్న రేడియోల విషయంలో ప్రభుత్వ విధానం ఎలా ఉండాలో చర్చించడానికట. మేష్టారికి ఒంట్లో బాగోక నన్ను పంపారు. ఆకాశంలో తరంగాలు ప్రజల సొత్తని ఒకాయన, ఇంటర్నెట్‌కి కళ్ళెం ఉండాలా వద్దా అని ఇంకొకాయన గంటల తరబడి మాట్లాడారు. చివర్లో మైకు నా దాకా వచ్చింది. లంక సంగతి చెప్పి, "ఇది వార్తా, ఆరోగ్యమాండీ?" అని అడిగాను.

వేదిక మీదాయన మర్యాదగా నవ్వారు. "మంచి పాయింటండీ. రాసివ్వండి. అయినా ఈ రోజుల్లో రేడియోనే ఎందుకు? ఫోన్లో పెట్టేయండి. దానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు కదా."

భోజనాల దగ్గర అందరూ గుంపులుగా నిలబడి తిన్నారు. నేను కిటికీ దగ్గర తిన్నాను.

ఫోన్లో పెట్టమన్న మాట మాత్రం పట్టుకున్నాను. మామ్మగారికి ఫోన్ చేసి, "మీరు చెప్పిందంతా రికార్డు చేసి ఫోన్లో పెడతానండీ, పేరు చెప్పను," అన్నాను. "పెట్టు. పేరు చెబితే మాత్రం భయమా?" అన్నారు. నా సొంత పేజీలో పెట్టాను. కైకలూరు దాకా పాకింది. మర్నాడే లంకకి మంచినీళ్ళ ట్యాంకరు వచ్చింది, వారం రోజులపాటు వస్తూనే ఉంది. నాకు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకునేందుకు మళ్ళీ ఆవిడే.

ఆవిడ ఫోన్ తియ్యలేదు.

పెట్టిన మూడోనాటికి పోస్టు మాయమైంది. ఫిర్యాదులు వచ్చాయని ఇంగ్లీషులో రెండు లైన్లు కనిపించాయి. ఎవరు చేశారో, తప్పేమిటో అడుగుదామంటే అక్కడ మనిషి లేడు, నొక్కడానికి బటన్లే ఉన్నాయి. మేష్టారికి కూడా ఎవరో ఫోన్ చేశారు. ఆయన నన్ను తిట్టలేదు. "కాగితం వచ్చేదాకా లైవ్ వద్దమ్మా. పాటలు చూసుకోండి," అన్నారు. ఆ మధ్యాహ్నం నుంచి పాటలే వేశాను.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి, దోనెలో నీళ్ళు దాటి లంకకి వెళ్ళాను. ఒకావిడ గుమ్మంలో చేపలు తిరగేస్తున్నారు. "మామ్మగారూ," అన్నాను. తలెత్తి, కళ్ళు మూసుకుని, "ఇంకోసారి పిలు," అన్నారు. పిలిచాను. నవ్వారు. "ఇంత బక్కగా ఉంటావనుకోలేదు."

అప్పుడు తెలిసింది. ఆవిడ పేరు దాచాను కానీ గొంతు దాచలేదు, లంకంతా ఆ గొంతు ఎరుగును. చెల్లెలి కొడుకుని ఆ చెరువు పనిలోంచి తీసేశారు. అతను ఆవిడతో మాట మానేశాడు. మధ్యనున్న దడికి ఇటు ఆవిడ, అటు వాళ్ళు.

"నా వల్లేనండీ," అన్నాను.

"చెప్పమన్నది నేనే కదా. నీళ్ళొచ్చేయి. పిల్లలు తాగేరు. అది చాలు." మళ్ళీ చేపలు తిరగేస్తూ, "ఇంక ఫోన్ చెయ్యనులేమ్మా. నేను ఎవరితో మాట్టాడుతున్నానా అని చూస్తున్నారు," అన్నారు.

లైసెన్సు కాగితం తర్వాత వచ్చింది. స్టేషన్ ఇప్పటికీ నడుస్తోంది, నేనూ మళ్ళీ లైవ్‌లో మాట్లాడుతున్నాను. మీటింగ్ వాళ్ళకి నాలుగు పేజీలు రాసి పంపాను. అందిందని మాత్రం జవాబొచ్చింది.

ఆరోజు లంక నుంచి వచ్చేస్తుంటే మామ్మగారు గుడ్డలో ఎండుచేపలు కట్టిచ్చారు. కైకలూరులో ఏలూరు బస్సెక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమీ అనుకోకండి," అంటూ లేచి ముందుకి వెళ్ళిపోయారు. ఏలూరు దాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.