లాకుల్లో నాన్న పడవ

కాలవన్నదే లేని ఈ సౌదీలో, నర్సు పని చేసే నా కూతురింట్లో, మనవరాలు ఫోనులో అమెరికా ఊరేదో చూపించింది. ఇటుకలతో కట్టిన పాత మిల్లుల పక్కన నది, దానికి మా ఊరి కాలవకున్నట్టే నీళ్లు ఆపే తలుపుల లాకులు. లాకుల్లో పడవ గోడల మధ్య కిందికి దిగుతుంటే నాకు నాన్న గుర్తొచ్చాడు.

నాకప్పుడు ఆరేళ్లు. మిల్లు బియ్యం పడవ నడిపే నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకెళ్లాను. నేను గట్టెక్కేసరికి పడవ లాకుల్లోకొచ్చింది, తలుపులు మూసేశారు. నీళ్లతోపాటు నాన్న తలగుడ్డ కూడా దిగిపోతోంది.

“మా నాన్న మునిగిపోతున్నాడో!” అని అరిచి, పట్టుకుని తేలతాడని క్యారేజీ ఆయన వైపు విసిరేశాను. అది కాస్తా బుడుంగుమని మునిగిపోయింది.

“ఓసి పిచ్చిదానా, అవతలి కాలవ పల్లం కదే! నీళ్లు దింపితేనే గదా పడవ పోయేది!” అని కింద నుంచి కేకేశాడు నాన్న.

ఆ పూట ఆయన పస్తుతోనే పడవ నడిపాడు. చెంచా పోగొడితేనే నా పిల్లల వీపులు వాయగొట్టినదాన్ని నేను. నాన్న ఇంటికొచ్చాక కూడా నన్నొక్క మాట అనలేదు.