తకరారు లేదు

భూసేకరణ ఆఫీసు గుమాస్తా ఫైలును మా వైపు తిప్పి, మధ్యలో ఒక పేజీ మీద వేలు ఆనించాడు.

"అమ్మా, ఇది నీ సహీనే కదా?"

ఆమె కళ్లజోడు తెచ్చుకోలేదు. కాగితానికి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. పేజీ అంతా కన్నడం. అడుగున ఉన్న రెండు సంతకాల్లో ఒకటి మాత్రం తెలుగులో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసింది.

"నాదేనప్పా," అంది.

"పైన ఏం రాసిండాదో చూడు. తకరారు ఇల్ల. తకరారు లేదని నువ్వే సహీ చేసి, ఇప్పుడు తకరారు అర్జీ తెస్తే నేనెట్ల తీసుకునేది?"

ఆమె ఇచ్చిన అర్జీని రెండు వేళ్లతో వెనక్కి జరిపాడు.

గోడ గడియారంలో నాలుగూ నలభై. కౌంటరు ఐదింటికి మూస్తారు. అభ్యంతరాలు ఇవ్వడానికి ప్రభుత్వం ఇచ్చిన గడువు ముప్పై రోజులు, ఆ రోజు ముప్పయ్యోది. బెంగళూరు శివార్లలోని హూడిలో ఆమెకున్న ఇల్లు రెండు గదులు. వెనక గదిలో ఆమే, భర్తా పడుకుంటారు. ముందు గదిలో ఆమె ఇరవై ఏళ్లుగా ఇడ్లీలు పోస్తోంది. రోడ్డు విస్తరణలో పోయేది ఆ ముందు గది. ఐదు దాటితే దాని గురించి నోరు విప్పే హక్కు ఆమెకు ఉండదు.

ఆ కౌంటరు దాకా ఎందుకు వచ్చామో చెప్పాలంటే గెజిట్ గురించి చెప్పాలి.

నేను బెంగళూరులో ఒక తెలుగు దినపత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. చేరిన కొత్తలో మా బ్యూరో చీఫ్ నాకు అప్పగించిన మొదటి పని, గురువారం గురువారం ప్రభుత్వ ముద్రణాలయానికి వెళ్లి గెజిట్ కొనుక్కు రావడం. కన్నడంలో దాన్ని రాజ్యపత్ర అంటారు. కొత్త చట్టమైనా, నియమమైనా, ఒక ఊరి పేరు మార్పైనా, ఒకరి జాగా తీసుకోవాలన్న ఉద్దేశమైనా ప్రభుత్వం చెప్పినట్టు లెక్క అయ్యేది అందులో అచ్చయ్యాకే. "మంత్రి మైకు ముందు చెప్పింది వార్తయ్యా, అచ్చయిందే ఆర్డరు," అనేవాడు చీఫ్. మొదట్లో ఆ పని నాకు శిక్షలా ఉండేది. అమ్మకం కౌంటరులో కూర్చునే పెద్దాయన నన్ను దూరం నుంచే చూసి, "బన్ని బన్ని" అని కన్నడంలో రమ్మని పిలిచి, "ఈ వారం నాకు మీరొక్కరే గిరాకీ," అని నవ్వేవాడు.

ఆయన నవ్వు వెనక ఉన్నది తమాషా కాదని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. గెజిట్‌లో పడిన మాటను రాష్ట్రంలో అందరూ చదివినట్టే చట్టం భావిస్తుంది. నాకు తెలియదు అన్న జవాబు చెల్లదు. గడువు మన చెవిన పడిన రోజు నుంచి కాదు, అచ్చయిన రోజు నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు గెజిట్ పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. ఉద్యోగం మానేసినా గురువారం సాయంత్రం ఫోన్‌లో తిరగేసే అలవాటు నన్ను వదల్లేదు. ఈ రోడ్డు విస్తరణ ప్రాథమిక ప్రకటనను నేను అచ్చయిన రోజే చూశాను. చూసి దాటేశాను. చివర్లో పట్టిక ఉంది. పాత రెవెన్యూ గ్రామం పేరు, అది ఉన్న హోబళి అనే రెవెన్యూ విభాగం, సర్వే నంబరు, నాలుగు హద్దులు. మేముండే చోటును మేమంతా వాటర్ ట్యాంక్ క్రాస్ అంటాం. పాలవాడికీ, ఆటోవాడికీ, కొరియరువాడికీ అదే పేరు. గెజిట్‌లో అలాంటి చోటు లేదు. ఎక్కడిదో అనుకుని ఫోను పక్కన పెట్టేశాను.

ఇరవై ఏడో రోజు పొద్దున ఎప్పటిలాగే ఆమె దగ్గరికి టిఫినుకు వెళ్లాను. ఆమెది కదిరి వైపు. భర్త తాపీమేస్త్రీ. నలభై ఏళ్ల కిందట పనికి ఇక్కడికి వచ్చి, ఆ రెండు గదులూ తన చేత్తోనే కట్టాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉంటున్నాడు. నేను పత్రికవాణ్ణని తెలిసినప్పటి నుంచి ఆమె నన్ను పిలిచేది ఒకే పేరుతో.

"ఏం పేపరప్పా, ఈపొద్దు ఇంత లేటు? చట్నీ అయిపోతా ఉండాది."

ప్లేటు అందుకుంటూ గోడ వైపు చూశాను. గుమ్మం పక్కన ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు, కింద ఒక నంబరు, గీత, మరో నంబరు.

"ఇదేంటమ్మా?"

"అదా? జనగణతి వాళ్లది కావాల. నెల దాటింది, టేపు పట్టుకోని ఇద్దరు వచ్చినారు. తరవాత ఇంకోడు వచ్చి రంగు పూసిపోయినాడు. మంచోళ్లే. ఇడ్లీ పెడితే తిని, కాసులు కూడా ఇచ్చినారు."

జనాభా లెక్కలవాళ్లు టేపుతో రారు. ఇంటి నంబరుకు మధ్యలో గీత ఉంటే ఉండొచ్చు గాని, బాణం ఎందుకు? ప్లేటు పక్కన పెట్టి ఫోన్‌లో ఆ గురువారం గెజిట్ తీశాను. పట్టికలో నాలుగో వరస. సర్వే నంబరు అదే. తూర్పున రోడ్డు, ఉత్తరాన మోరీ. నిలబడ్డ చోటి నుంచి తల తిప్పితే ఆ మురుగుకాలువ కనిపిస్తోంది.

చదివి చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు.

"నా ఇంటి సంగతి నాతో చెప్పకుండా ఎవురికో పుస్తకంలో చెప్పినారా?"

"పుస్తకం కాదమ్మా, గెజిట్."

"ఏదో ఒకటి. అది నువ్వు చూస్తివి కదా?"

"చూశాను."

"చూసి, నెలంతా ఈడ కూచోని నా ఇడ్లీలే తింటివి. ఇన్నేండ్లు పేపర్లో ఏం చదివితివప్పా నువ్వు?"

ఆమె స్టవ్ తగ్గించి, లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది.

మిగిలిన మూడు రోజులూ కాగితాలతోనే పోయాయి. క్రయపత్రం, పన్ను రసీదులు, కరెంటు బిల్లు జిరాక్సులు తీయించాం. అర్జీ నేనే కన్నడంలో రాశాను. ఆమె చెప్పింది ఒక్కటే మాట. రోడ్డుకు అవతలి పక్క సర్కారు జాగా ఖాళీగా పడి ఉంది, పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేవు, రోడ్డును అటు జరపండి. అంతకన్నా మంచి వాదన నాకూ తోచలేదు. అర్జీ పైన, ఇక్కడ అందరూ రాసేదే, "తకరారు అర్జీ" అని శీర్షిక పెట్టాను. చివరి రోజు మధ్యాహ్నం ఇద్దరం హూడిలో మెట్రో ఎక్కి ఆ ఆఫీసుకు చేరాం. క్యూలో గంటన్నర నిలబడ్డాం. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను. ఒక్క విషయం ఆమె నాకు చెప్పలేదు. దాచలేదు, చెప్పదగ్గ విషయమని ఆమెకు తోచలేదు.

"ఈ సంతకం ఎప్పుడు పెట్టావమ్మా?" అని కౌంటరు ముందే అడిగాను.

"టేపోళ్లు వచ్చినపొద్దే. తకరారు ఏమన్నా ఉండాదా అని అడిగె ఒకడు. ఉండె, పక్కింటామెతో ఆ మోరీ కాడ తొమ్మిదేండ్లు ఉండె. మాటల్లేవు, పలకరింపుల్లేవు. పోయిన ఉగాదికి ఆయమ్మే ఒబ్బట్లు తెచ్చిచ్చె, రాజీ అయితిమి. ఇప్పుడు ఏ తకరారూ లేదప్పా, కావాలంటే రాసుకో అని నేనే చెప్తి. ఆయమ్మ కూడా పక్కనే నిలబడి ఉండె, తను కూడా సహీ చేసె."

విషయం అప్పుడు అర్థమైంది. కదిరిలోనైనా, హూడిలో ఆమె మాట్లాడే తెలుగులోనైనా తకరారు అంటే ఇరుగుపొరుగు తగాదా. ఆఫీసు కన్నడంలో తకరారు అంటే ప్రభుత్వం చేయబోయే పనికి మనం చెప్పే అభ్యంతరం. టేపు పట్టుకొచ్చినవాడు అడిగింది రెండోది. ఆమె సంతోషంగా చెప్పింది మొదటిదానికి. ఆమెకు కన్నడం రాకపోతే, అదేంటప్పా అని అడిగి ఉండేది. నలభై ఏళ్లుగా కన్నడం మాట్లాడుతోంది కాబట్టి అడగాల్సిన అవసరమే కనిపించలేదు. అప్పటి దాకా నేనూ ఆ తేడా గురించి ఆలోచించలేదు. ఆ మాటనే అర్జీ నెత్తిన రాసి తెచ్చాను.

గుమాస్తాకు ఇదంతా వివరించాను. అతనికి తెలుగు బాగానే వచ్చు. చెడ్డవాడు కూడా కాదు. చివరి వరకూ విన్నాడు.

"అది సరే సార్. నాకు కాగితమే కదా. మహజరులో తకరారు లేదని ఉండాది, ఇద్దరి సహీలూ ఉండాయి. నేను ఇది తీసుకుంటే రేపు నన్ను అడుగుతారు."

వెనక నుంచి ఒకాయన, "బేగ కానీయండప్పా, ఐదైతే మాకూ ఐదే," అన్నాడు.

నాలుగూ నలభై ఎనిమిది. ఆ మహజరు, అంటే టేపువాళ్లు అక్కడికక్కడ రాసుకున్న పంచనామా, తేదీ చూపించమన్నాను. పేజీ తిప్పాడు. నెల దాటిందని ఆమె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. గెజిట్ తేదీ దానికి వారం తర్వాతిదై ఉండాలి. అలా అని నోటితో చెబితే సరిపోదు, కాగితం చూపించాలి. ఫోన్ తీశాను. ఆ పాత భవనంలో సిగ్నలు ఒక గీత. తెర మీద చక్రం తిరుగుతోంది. తీరా తెరుచుకుంటే వచ్చింది వేరే వారం గెజిట్. దాన్ని మూసి మళ్లీ వెతికాను. చెమట పట్టిన వేలికి తెర సరిగా స్పందించలేదు. గుమాస్తా గడియారం చూశాడు. నేను చూడలేదు.

తెరుచుకుంది. మొదటి పేజీ పైన తేదీ. మహజరుకు ఎనిమిది రోజుల తర్వాతిది.

"చూడండి. ఆమె సంతకం పెట్టిన నాటికి ఈ ప్రకటనే లేదు. లేనిదానికి అభ్యంతరం లేదని ఎలా చెప్తుంది?"

"అయితే ఏమి సార్? లేదంటే లేదే కదా."

ఆమె అప్పటిదాకా కౌంటరు అంచు పట్టుకుని నిలబడి ఉంది. ముందుకు వంగింది.

"ఏమప్పా, కడుపులో ఉండే బిడ్డకి ముక్కు బాగుండాదని ఎవురన్నా సహీ చేస్తారా? పుట్టినాక కదా మొగం చూసేది!"

క్యూలో నవ్వులు లేచాయి. ఇందాక తొందరపెట్టినాయనే, "అవునప్పా, నిజమే చెప్పె ఆ అవ్వ," అన్నాడు. గుమాస్తా నవ్వలేదు. మహజరు తేదీని, నా ఫోన్‌లో తేదీని మరోసారి పక్కపక్కన చూశాడు. అర్జీ, ఫైలు రెండూ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కొంగు చివర ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. "లోపల పెద్దాయనకి తెలుగు వస్తాదా?" అని నన్ను అడిగింది. తెలియదన్నాను. "రాకున్నా మేలే. వచ్చినోడే ఇంతసేపు నిలబెట్టె," అంది.

నాలుగూ యాభై ఏడుకు అతను తిరిగి వచ్చాడు.

"సాహెబ్రు తీసుకోమన్నారు. అయితే మహజరు ఫైల్లోంచి తీసేది లేదు. అదీ ఉంటాది, ఇదీ ఉంటాది."

సీలు ఇంకు ప్యాడు మీద అద్ది అర్జీ మీద వేశాడు. సగమే పడింది.

"గట్టిగా గుద్దప్పా," అంది ఆమె. "మళ్లా కనపడలేదంటారు."

రెండోసారి గట్టిగానే గుద్దాడు. మా నకలు మీద కూడా తేదీ, నంబరు వేసి ఇచ్చాడు. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట, రిమార్కులు రాసే షరా గడిలో "మహజరు నోడి" అని రాశాడు. మహజరు చూడండి అని అర్థం. అది రాయకుండా ఉంటే బాగుండేది. కానీ రాయడం అతని పని.

కొన్ని వారాల తర్వాత ఆమెను విచారణకు పిలిచారు. నేనూ వెళ్లాను. అధికారి ఓపికగా విన్నాడు. తకరారు సంగతి ఆమె మళ్లీ మొదటి నుంచి, మోరీ, ఒబ్బట్లతో సహా చెప్పింది. రోడ్డు అవతలి ఖాళీ జాగా గురించి చెప్పింది. అధికారి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. బయటికి వచ్చేముందు అదేమిటో నేను చదవగలిగాను. ఒకే మాట. "ఆలిసలాయితు." వినడమైనది.

ఆమె భర్త ఆ ఎర్ర గుర్తు మీద సున్నం కొడతానంటున్నాడు. ఆమె వద్దంది. "గమ్మునుండు. తుడిస్తే అదొక తకరారు అవుతాది."

ఇక రావాల్సింది తుది ప్రకటన. అది కూడా గెజిట్‌లోనే వస్తుంది. ఆ పట్టికలో ఆమె సర్వే నంబరు ఉంటే ముందు గది పోతుంది, లేకపోతే ఉంటుంది. ఎప్పటిలోగా వస్తుందో ఎవరూ చెప్పలేదు. గురువారం సాయంత్రం నేను పీడీఎఫ్ తెరిచి ఇప్పుడు ముందుగా చివరి పేజీల్లోని పట్టికలే చూస్తున్నాను. శుక్రవారం పొద్దున ప్లేటు ఇస్తూ ఆమె అడుగుతుంది.

"వచ్చెనా పేపరప్పా?"

"లేదమ్మా."

ఈ గురువారం కూడా రాలేదు. ఫైల్లో ఆమె సంతకాలు రెండు ఉన్నాయి. ఒకటి తకరారు లేదన్న మహజరు కింద, ఒకటి తకరారు అర్జీ కింద. వాటిలో ఏది చెల్లుతుందో ఇంతవరకూ ఎవరూ రాయలేదు.