పాటల్లోకెక్కిన గిర్ని

తొంభైలలో చర్లలో మా మేనత్తకు పిండి గిర్ని ఉండేది. అడవి చూడటానికి వచ్చిన ఒక విదేశీయుడు దాని మోత విని ఆగిపోయాడు. స్నేహితులతో కలిసి సొంత ఖర్చుతో రాక్ ఆల్బమ్ చేస్తున్నామనీ, యంత్రాల చప్పుళ్లే తమ వాయిద్యాలనీ చెప్పి, గంటసేపు టేపులో రికార్డు చేసుకుని వెళ్లాడు. నా కాలేజీ ఇంగ్లీషుతో విని అత్తకు అదంతా తెలుగులో చెప్పాను గానీ నాకే సరిగా అర్థం కాలేదు.

మరుసటి ఏడాది పోస్టులో క్యాసెట్ వచ్చింది. నల్లటి అట్ట మీద కూలిపోయిన చర్చి బొమ్మ ఉంది. పెట్టి విన్నాం. ఇనుము మీద ఇనుము కొడుతున్నట్టు మోత, దాని వెనక బావిలోంచి వస్తున్నట్టు ఒక మగ గొంతు.

"గాయన ఏడుస్తున్నడా, పాడుతున్నడా?" అని అత్త అడిగింది.

"పాటే అనుకుంటా అత్తా."

రెండో వైపు ఒక పాట మధ్యలో ఆమె చెయ్యెత్తింది. "అవ్, గిది మన గిర్నే. బెల్టు జారుతున్నది, విను."

ఎన్నిసార్లు తిప్పి విన్నా నాకు గిర్ని వినిపించలేదు.

"దీంట్ల ఏం నచ్చిందంట ఆయనకు?" అంది.

ఆ పాట ఆమె ఇంకో రెండుసార్లు వేయించుకుంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. అత్త చాలా సంతోషించిందని అతనికి ఉత్తరం రాశాను. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు.