అయ్యకి నేర్పిన సారీ

నా మోకాలి నొప్పికని కోడలు మూకుట్లో ఉప్పు వేయిస్తోంది. ఆ వేడి వాసన నాకు పడదు.

నా చిన్నప్పుడు, 1960ల చివర, నరసన్నపేట పక్క ఊళ్లో మాది సేద్యం. పొలానికి అంబలి ఆలస్యమైతే చాలు, మా అయ్య ఎద్దుల్ని తోలే ముల్లుకర్రతో అమ్మని కొట్టేవాడు. వేయించిన ఉప్పు గుడ్డలో మూటకట్టి, అమ్మ వీపుకి నేనే కాపడం పెట్టేదాన్ని.

బళ్లో కొత్త మాస్టారు 'సారీ' నేర్పారు. ఆలస్యంగా వచ్చినా, కాలు తగిలినా, మాట వినపడకపోయినా, ఎవరైనా పోయినా అదే మాటట. ఎవర్నైనా కొట్టినా అదేనట. అయ్యకి ఇంగ్లీషు రాదు కనకే అమ్మకి చెప్పలేకపోతున్నాడనుకున్నాను.

"కొట్టినోల్లు సారీ సెప్పాల అయ్యా," అన్నాను.

"ఏటే? మళ్లీ సెప్పు," అని నవ్వుతూ నేర్చుకున్నాడు.

మర్నాడు అంబలి మళ్లీ ఆలస్యమైంది. అయ్య కర్ర ఎత్తి, నావైపు చూసి, "సారీ" అన్నాడు. అప్పుడు కొట్టాడు. కర్ర విరిగేదాకా ప్రతి దెబ్బకీ ముందు ఆ మాట అన్నాడు.

కాపడం పెడుతుంటే అమ్మ, "మీ అయ్యకి ఆ మాటెందుకు నేర్పినావే?" అంది.

ఇప్పుడు కోడలు పెట్టిన వేడి మూట మోకాలికి చురుక్కుమని తగిలింది. "సారీ అత్తా," అంది కోడలు. ఈ వయసులో కూడా, దెబ్బ పడుతుందని గట్టిగా కళ్లు మూసుకున్నాను.