చివరి పేజీ చదవని సదానందం

నిన్న పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. సదానందం తమ్ముడి నంబర్.

"అన్నా... అన్న పోయిండే" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే.

నమ్మలేదు నేను. మొన్న సాయంత్రమే దవాఖానలో నాతో టీ తెప్పించుకుని తాగాడు. చక్కెర తక్కువైందని నన్ను తిట్టాడు కూడా.

యాభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసీ నేసీ ఆ నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరడిగినా "మగ్గం గుంతల ఒక్కరికే జాగ ఉంటది" అని జోక్ చేసేవాడు.

అసలు సంగతి నాకు తెలుసు. ఈరోజు రాస్తున్నాను. వాడి మీద కోపంతోనే రాస్తున్నాను.

ఆమె పేరు మాత్రం రాయను. రైస్‌మిల్లు సేటు బిడ్డ. రాయొచ్చా అని నిన్న ఆమెనే అడిగాను. రాయమన్నది.

హన్మకొండలో డిగ్రీ. ముగ్గురం ఒకే క్లాస్. ఆమె కారు దిగేది. వాడు నా సైకిల్ క్యారేజీ దిగేవాడు.

తెలుగు మేడం ఒక పాత నవల మీద సెమినార్ పెట్టి, వీళ్లిద్దరికీ కలిపి ఇచ్చింది. జమీందారు కూతురు, గుమాస్తా కొడుకు, వాళ్ల ప్రేమ. సెమినార్ అయిపోయింది గానీ వీళ్ల ముచ్చట్లు అయిపోలేదు. డబ్బున్నవాళ్లకు ప్రేమ తెలుస్తుందా, లేనివాళ్లకు ప్రేమించే తీరిక ఉంటుందా అని లైబ్రరీ వరండాలో రోజూ కొట్లాటే.

ఆమె మొదటి రోజు నుంచే వాణ్ని "నువ్వు" అన్నది.

వాడు మాత్రం "మీరు". మూడేళ్లూ "మీరు".

సదానందం వాళ్ల నాన్న ఆ సేటు ఇంటికి ఫంక్షన్లకు జంపఖానాలు మోసేవాడు. పరిచి, చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. ఆ ఇంట్లో పసిపిల్లనైనా "మీరు" అనాలని వీడికి చిన్నప్పుడే నేర్పించారు. వాడి నోట్లో ఇంకో మాట ఎక్కడిది?

ఫైనల్ ఇయర్‌లో ఆమెకు హైదరాబాద్ సంబంధం వచ్చింది. నిశ్చితార్థానికి వారం ముందు అదే వరండాలో, నా ఎదురుగానే వాడితో అన్నది:

"నవల చివరి పేజీల గా గుమాస్తా కొడుకు ఆమెను ఎట్ల పిలిచిండో నన్ను గట్ల పిలువు. ఒక్కసారి. ఇంట్ల చెప్పుడు నేను చూసుకుంట."

వాడు తెల్లముఖం వేశాడు. "మీరెట్లంటే గట్లనే" అన్నాడు.

ఆమె వాడి వంక చూసింది. పుస్తకం మూసి వెళ్లిపోయింది.

సంగతేమిటంటే, వాడు చదివింది లైబ్రరీ కాపీ. దానికి చివరి ఆకులు లేవు, ఎవరో చింపుకుపోయారు. ఆమెది కొనుక్కున్న పుస్తకం.

"అడుగొచ్చు గదరా ఆమెను!" అన్నాను సైకిల్ తొక్కుతూ.

"మొత్తం సదివిన్నని సెమినార్ల చెప్పిన గదరా. ఇప్పుడు లేదంటే నా ఇజ్జత్ ఏంగావాలె?"

ఇజ్జత్ అట ఇజ్జత్! ఒక్క పేజీ అడగలేకపోయాడు వెధవ.

ఆమె పెళ్లిలో పరిచిన జంపఖానాలు వీళ్లింట్లో నేసినవే. మోసుకుపోయింది వీడే. ఆ తర్వాత ఎప్పుడైనా నేను నవల మాట ఎత్తితే "ఇగ తెలిసి ఏంజేస్తరా" అనేవాడు.

పోయిన నెల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆ నవల దొరికింది. అక్కడే నిలబడి చివరి పేజీ చదివాను. పుస్తకమంతా ఆమెను "మీరు" అన్న గుమాస్తా కొడుకు అక్కడ ఒక్కసారి "నువ్వు" అని పిలుస్తాడు. ఆమె గడప దాటి వచ్చేస్తుంది.

మొన్న దాన్ని దవాఖానకు పట్టుకెళ్లాను. పట్టుకెళ్లకుండా ఉండాల్సింది.

ఆక్సిజన్ మాస్క్ పక్కకు జరిపి, కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"గంతేనారా? నువ్వు అనుడేనా?"

నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆ తర్వాతే టీ అడిగాడు. పుస్తకం దిండు కింద పెట్టుకున్నాడు.

తెల్లారేసరికి లేడు.

నిన్న ఆమె వచ్చింది. వాడు నేసిన జంపఖానా మీదే వాణ్ని పడుకోబెట్టాం. నాకు ఉండబట్టక ఆ చింపిన ఆకుల సంగతి అంతా చెప్పేశాను.

"పొగరనుకున్న. ఇన్నేండ్లు పొగరే అనుకున్న" అన్నది.

చెప్పులు గడప బయటే వదిలి లోపలికి వచ్చింది. వాడి కాళ్ల దగ్గర కూర్చుంది. ఏనాడూ వాణ్ని "నువ్వు" తప్ప ఇంకోమాట అనని మనిషి, "మీరు పోయి రండి" అన్నది.

ప్రాణముంటే ఆ మాటకు లేచి నిలబడేవాడు.

పోయిరా సదా. ఊపిరి మంచిగ ఆడే జాగల ఉండు. నీ పాణం నిమ్మళంగుండాలె.

అక్కడ ఏదన్నా తెల్వకుంటే సిగ్గుపడకు బిడ్డా, అడుగు.